వేడెక్కితే పడిపోయే ఆయిల్ ప్రెషర్: మా పాత ట్రాక్టరుతో నా అనుభవం

మా ట్రాక్టరు 1998 మోడల్. మూడు సిలిండర్ల డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిను, రోటరీ రకం డీజిల్ పంపు, గంటల మీటరు ఎప్పుడో ఆగిపోయింది. నాన్న సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. కంపెనీ పేరు రాయడం లేదు, ఇందులో కంపెనీ తప్పేమీ లేదు కాబట్టి. పాతికేళ్ళు దాటిన ఏ డీజిల్ ఇంజినుకైనా వచ్చే తిప్పలే ఇవి. ఈ జూన్‌లో దాని ఆయిల్ ప్రెషర్ పడిపోతే "ఇంజిను దింపాల్సిందే, డెబ్బై వేలు పెట్టుకోండి" అన్న మాట దగ్గర మొదలై, చివరికి ఎంతలో, ఎక్కడ తేలిందో జరిగింది జరిగినట్టు రాస్తున్నా. పాత ట్రాక్టరో పాత జీపో ఉన్నవాళ్ళు చదువుకోండి, డబ్బులు మిగలచ్చు.

మాది తెనాలి వైపు పల్లె. జూన్ 9న మినుము కోసిన చేలో రోటవేటర్ వేస్తున్నా. మధ్యాహ్నం రెండున్నర, ఎండ మామూలుగా లేదు. గట్టు దగ్గర మలుపు తిప్పడానికి రేస్ తగ్గించినప్పుడు డాష్‌బోర్డు మీద ఆయిల్ ముల్లు ఆకుపచ్చ గీత దాటి ఎర్ర గీతలోకి దిగిపోయింది. రేస్ ఇస్తే మళ్ళీ లేచింది, కానీ రోజూ ఉండే చోటికి రాలేదు. ఇంజిను శబ్దంలో తేడా లేదు, పొగలో తేడా లేదు, నీళ్ళ వేడి మామూలే. వెంటనే ఆపేశాను. డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ నిండుగా ఉంది. నిజానికి పై గీత మీద కూడా కాస్త ఉంది. ఆయిల్ ఉందిలే, పోతే ఆ గేజి పోయి ఉంటుంది అనుకున్నాం నాన్నా నేనూ. పై గీత దాటి ఎందుకుంది అన్న ప్రశ్న ఆ సాయంత్రం ఇద్దరికీ రాలేదు. చివరిసారి ఆయిల్ మార్చినప్పుడు పోసినవాళ్ళు రెండు గ్లాసులు ఎక్కువ పోసుంటారులే అని సరిపెట్టుకున్నాం.

జూన్ 11న బండిని నెమ్మదిగా మండల కేంద్రంలో ఒక షెడ్డుకి తీసుకెళ్ళాను. అక్కడి మెకానిక్ బాగా పనున్న మనిషి, ఎప్పుడు చూసినా బయట మూడు నాలుగు బండ్లు విప్పి ఉంటాయి. ఆయన ఇంజిను స్టార్ట్ చేయించాడు, ఒకసారి రేస్ ఇచ్చి చూశాడు, ఆయిల్ మూత తీసి అక్కడ వచ్చే ఆవిరి చూశాడు. ఐదు నిమిషాల్లో తేల్చేశాడు: "క్రాంకు పోయిందండీ. బోరు పని కూడా ఉంటది. ఎలాగూ దింపుతాం కాబట్టి మొత్తం చేయించుకోండి, మళ్ళీ పదేళ్ళు చూసుకోనక్కర్లేదు." క్రాంకు అంటే పిస్టన్లు తిప్పే ఇంజిను ప్రధాన ఇరుసు, బోరు అంటే పిస్టన్లు ఆడే సిలిండర్ల లోపలి గోడ. ఎంతవుతుందంటే అరవై ఐదు నుంచి డెబ్బై వేలు. టైం అడిగితే, సీజన్ కదా, లేతు వాళ్ళ దగ్గర క్యూ ఉంది, ఇరవై రోజులు చెప్పాడు.

నాకు కడుపులో తిప్పినట్టయింది. డబ్బు ఒక టెన్షన్, అంతకంటే ఇరవై రోజులు పెద్ద టెన్షన్. కాలవకి నీళ్ళు వదిలితే దమ్ము సీజన్ మొదలవుతుంది, మా పొలంతో పాటు చుట్టుపక్కల వాళ్ళవి కూడా చేస్తేనే ఈ బండికి ఏడాది ఖర్చులు గిట్టుబాటవుతాయి. నా మొహం చూసి ఆయన ఇంకో దారి కూడా చెప్పాడు. ప్రస్తుతానికి రిలీఫ్ వాల్వు స్ప్రింగ్ కింద రెండు వాషర్లు వేసి, కాస్త చిక్కటి ఆయిల్ పోస్తే ముల్లు లేస్తుంది, సీజన్ గడిచిపోతుంది, ఆ తర్వాత దింపుదాం అని. అప్పుడు నాకు అది మంచి సలహాలాగే అనిపించింది, ఒప్పుకునేవాణ్ణి కూడా. నాన్నే "రేపు చెప్తాంలే" అని లేచారు. ఆయనకి తొందరపడి ఏదీ విప్పించడం ఇష్టం ఉండదు.

తెనాలిలో నాన్నకి తెలిసిన పెద్ద మెకానిక్ ఒకాయన ఉన్నారు. వయసు అరవై దాటింది, షెడ్డు కొడుకుకి ఇచ్చేసి, తెలిసినవాళ్ళకి మాత్రం వచ్చి చూస్తారు. నేను బాబాయ్ అంటాను. ఫోన్ చేస్తే ఆయన మొదట అడిగిన ప్రశ్న, "వేడి మీద ప్రెషర్ ఎంత?" అని. ముల్లు ఎర్రలో ఉంది బాబాయ్ అన్నాను. "ముల్లు సంగతి కాదురా, ఎన్ని కేజీలు? ఎవరన్నా చేతి గేజి పెట్టి చూశారా?" ఎవరూ పెట్టలేదు. "పెట్టకుండానే క్రాంకు పోయిందని ఎట్టా చెప్పాడు? నేనొచ్చేదాకా బండి తియ్యకు." ఆయన రావడానికి జూన్ 17 అయింది. ఆ మధ్యలో నారుమడి దున్నించడానికి పక్కింటాయన బండి కిరాయికి పిలవాల్సి వచ్చింది. సొంత ట్రాక్టరు షెడ్డులో పెట్టుకుని వేరే బండికి కిరాయి ఇవ్వడం ఎట్లా ఉంటుందో అనుభవిస్తేగానీ తెలీదు, దానికి తోడు ఊళ్ళో ఎదురైన ప్రతి ఒక్కడూ "ఏమైంది బండికి" అని అడగడం.

బాబాయ్ ఒక మెకానికల్ గేజి తెచ్చారు, 0 నుంచి 7 కేజీల దాకా (అంటే చదరపు సెంటీమీటరుకి ఇన్ని కేజీలు అని) చూపించేది, దానికి మీటరున్నర హోస్. కరెంటుతో పనిలేదు, ఆయిల్ నేరుగా గేజిలోకి వస్తుంది. ఇంజిను పక్కన ఉన్న ఆయిల్ సెన్సార్ విప్పి ఆ రంధ్రంలో దీన్ని బిగించాలి. ఇక్కడే మొదటి చిక్కు వచ్చింది. గేజికి ఉన్న నిపుల్ రెండు చుట్లు ఎక్కి ఆగిపోయింది. రెండూ ఎనిమిదో వంతు అంగుళం సైజే, కానీ ఒకటి బీఎస్‌పీ అనే బ్రిటిష్ మర, ఇంకోటి ఎన్‌పీటీ అనే అమెరికన్ మర. అంగుళానికి ఒకదానికి 28 చుట్లు, ఇంకోదానికి 27. చూపుకి తేడా తెలీదు, బలవంతంగా బిగిస్తే ఇంజిను బ్లాకులో మర పాడవుతుంది, అది పోతే వేరే కథ. ఆయన వెంటనే ఆపి, పాత సెన్సార్‌ని నాకిచ్చి లేతు వర్క్స్‌కి పంపారు, దీనికి సరిపోయే అడాప్టర్ తిప్పించుకు రమ్మని. నూట యాభై రూపాయల పని, కానీ కరెంటు పోవడం వల్ల అది మర్నాడు చేతికొచ్చింది. మీరు ఈ పని చేయించుకునేటట్టయితే సెన్సార్ విప్పి ముందే లేతు దగ్గరికి తీసుకెళ్ళండి, ఒక రోజు కలిసొస్తుంది. నేను తర్వాత సొంతంగా ఒక గేజి కొనుక్కున్నా, హోస్‌తో కలిపి 850 అయింది.

జూన్ 18 ఉదయం చల్లటి ఇంజినుతో చూస్తే 3.8 కేజీలు. మా ఇంటి ముందు చేరిన నలుగురూ "బాగానే ఉందిగా" అన్నారు. బాబాయ్ ఏమీ అనలేదు. చల్లగా ఉన్నప్పుడు ఆయిల్ చిక్కగా ఉంటుంది కాబట్టి పాడైన ఇంజిను కూడా మంచి ప్రెషరే చూపిస్తుందట, ఆ రీడింగుతో ఒరిగేదేమీ లేదట. రోటవేటర్ తగిలించి ఇంటి పక్క చేలోనే అరగంటకి పైగా లోడ్ మీద నడిపించారు, ఒకరు పక్కన కూర్చుని గేజి చూస్తూ, లోడ్‌లో ఉండగా కేజీ కంటే కిందికి పోతే ఆపెయ్యాలన్న షరతు మీద. వేడెక్కాక రేస్ తగ్గించి స్లోలో పెడితే 0.4. ఫుల్ రేస్‌లో 1.4. మా బండి మాన్యువల్లో వేడి ఇంజినుకి ఫుల్ రేస్‌లో 30 నుంచి 60 పీఎస్‌ఐ అని ఉంది, అంటే సుమారు 2.1 నుంచి 4.2 కేజీలు. కాబట్టి డాష్‌బోర్డు ముల్లు అబద్ధం చెప్పలేదు. ప్రెషర్ నిజంగానే తక్కువ. నాకు గుండె జారింది. ఆ షెడ్డాయన చెప్పిందే నిజమేమో, ఈ వారం రోజులూ అనవసరంగా పోయాయేమో అనిపించింది.

వాషర్ల సంగతి అడిగాను. బాబాయ్ నవ్వి, రిలీఫ్ వాల్వు అనేది ప్రెషర్ మరీ ఎక్కువైనప్పుడు తెరుచుకుని ఆయిల్‌ని కిందికి వదిలేసేది, అరకేజీ దగ్గర అది మూసుకునే ఉంటుంది కదా, మూసుకున్న తలుపుకి ఇంకో గొళ్ళెం పెడితే ఏమొస్తుంది అన్నారు. అది చెత్త ఇరుక్కుని తెరుచుకునే ఉండిపోతే వేరే సంగతి, అప్పుడు కడిగితే చాలు, వాషర్లు అక్కర్లేదు. చల్లగా 3.8 వచ్చింది కాబట్టి ఇరుక్కున్న లక్షణం కనపడట్లేదని ఆయన అంచనా.

అప్పుడు డిప్‌స్టిక్ తీశారు. తుడవకుండా ముందు వాసన చూశారు, తర్వాత రెండు వేళ్ళ మధ్య రాసి చూశారు. నన్నూ చూడమన్నారు. కొత్త ఆయిల్ వేళ్ళ మధ్య కాస్త సాగుతుంది, ఇది నీళ్ళలాగా జారిపోయింది, డీజిల్ వాసన స్పష్టంగా ఉంది. ఒక చుక్క న్యూస్‌పేపర్ మీద వేస్తే మధ్యలో నల్ల మచ్చ, చుట్టూ పలచటి వలయం చాలా దూరం పాకింది. "పాత ఇంజిను ఆయిల్ తాగాలిరా, తాగకపోగా పెరుగుతోందంటే ఎక్కణ్ణుంచో ఏదో కలుస్తోందని. నీళ్ళు కలిస్తే మజ్జిగలాగా తెల్లబడుద్ది. ఇది నల్లగా పలచగా ఉంది, డీజిలే."

పాత రోటరీ పంపు ఇంజిన్లలో డీజిల్ ఆయిల్లో కలవడానికి ముఖ్యంగా మూడు దారులున్నాయని ఆయన చెప్పారు. ఒకటి ఫీడ్ పంపు, అంటే ట్యాంకు నుంచి డీజిల్‌ని లాగి ఫిల్టర్లకి పంపే చిన్న పంపు. అది ఇంజిను పక్కన బిగించి ఉంటుంది, లోపల క్యామ్‌షాఫ్ట్ దాని మీటని ఆడిస్తుంటుంది, దానిలోని రబ్బరు డయాఫ్రం చిరిగితే డీజిల్ నేరుగా ఇంజిను కింద ఆయిల్ నిలిచే చాంబర్లోకి దిగుతుంది. రెండోది మెయిన్ రోటరీ పంపు షాఫ్ట్ దగ్గరున్న సీలు, అది పోతే టైమింగ్ గేర్ల వైపు నుంచి దిగుతుంది. మూడోది సిలిండర్లోకి డీజిల్ చల్లే నాజిల్ కారుతుంటే కాలని డీజిల్ పిస్టన్ పక్క నుంచి జారడం, కానీ దానికి పొగ, మిస్ కొట్టడం లాంటివి కనపడాలి, మాకు లేవు. ఫీడ్ పంపు అయితే వెయ్యి రూపాయల పని. రోటరీ పంపు అయితే దాన్ని ఊడదీసి పంపు సర్వీసు వాళ్ళకి ఇవ్వాలి, టెస్ట్ బెంచి మీద పెట్టాలి, బిల్లు చాలా వేలు.

ఏదో తేల్చడానికి ఆయన చేసిన పరీక్షలకి పైసా ఖర్చు లేదు, అందుకే ఇది వివరంగా రాస్తున్నా. ట్యాంకు ఇంజిను కంటే ఎత్తులో ఉంటుంది కాబట్టి బండి ఆగి ఉన్నా డీజిల్ తనంతట తానే కిందికి దిగుతుంది. ఆ రాత్రి బండిని చదునుగా ఉన్న చోట నిలబెట్టి, డిప్‌స్టిక్ మీద ఆయిల్ ఎక్కడిదాకా ఉందో సన్నటి గీత గీసి, ట్యాంకు కింద ట్యాప్ కట్టేసి పడుకోమన్నారు. తెల్లారి చూస్తే గీత దగ్గరే ఉంది. మర్నాడు రాత్రి అదే చోట, అదే పద్ధతి, ట్యాప్ మాత్రం తెరిచి ఉంచాను. జూన్ 20 ఉదయం చూస్తే గీత కంటే మూడు మిల్లీమీటర్లు పైకి వచ్చింది. ఏదీ తిరక్కుండానే, ఆగిన ఇంజినులోకి రాత్రంతా డీజిల్ కారింది! నాకు నిద్ర పట్టక నాలుగున్నరకే టార్చిలైటు పట్టుకుని వెళ్ళి చూసొచ్చాను, నాన్న దొంగలనుకుని లేచారు.

ఇక రెండింట్లో ఏదో తేలాలి. బాబాయ్ ఫీడ్ పంపుకి వచ్చే పైపు, దాన్నుంచి పోయే పైపు రెండూ విప్పి, ఒక రబ్బరు పైపుతో రెంటినీ నేరుగా కలిపేశారు. ట్యాంకు ఎత్తులో ఉంది కాబట్టి ఫీడ్ పంపు లేకుండానే ఇంజిను నడుస్తుంది, లోడ్ వేయకూడదంతే. గాలి తీయడానికి కాసేపు కుస్తీ పట్టాక స్టార్ట్ అయింది. కాసేపు నడిపి, ఆపి, మళ్ళీ గీత గీసి ట్యాప్ తెరిచే ఉంచి రాత్రి వదిలేశాం. తెల్లారి ఆయిల్ కదల్లేదు. అంటే రోటరీ పంపు సీలు బాగానే ఉంది, దొంగ ఫీడ్ పంపే. నేను ఆ క్షణంలో నాన్నని పట్టుకుని గంతులేసినంత పని చేశాను, పంపు సర్వీసు బిల్లు తప్పిందని.

ఫీడ్ పంపు ఊడదీసి విప్పితే డయాఫ్రం అంచు దగ్గర గోరంత చీలిక ఉంది, వంచితేగానీ కనపడదు. రబ్బరు ముక్క మాత్రం మార్చే కిట్ రెండు మూడు వందలకి దొరుకుతుంది. కానీ మీట పిన్ను దగ్గర కూడా అరుగుదల ఉండడంతో మొత్తం పంపే కొత్తది తీసుకున్నాం, తెనాలిలోనే 1,150. పాత ఆయిల్ దించేస్తే పారిన తీరు చూస్తేనే అర్థమైంది, ఎంత పలచబడిందో. 7.5 లీటర్ల డబ్బా 20డబ్ల్యూ40 ఆయిల్ 2,650, ఫిల్టర్ 400. షాపులో ప్రెషర్ పెంచే మందు సీసా ఒకటి కూడా అంటగట్టబోయారు, బాబాయ్ వద్దన్నారు. చిక్కటి 50 నంబర్ ఆయిల్ కూడా వద్దన్నారు, కొలత కొలతలాగా రావాలంటే కంపెనీ చెప్పిన ఆయిలే ఉండాలట.

జూన్ 22న మళ్ళీ గేజి పెట్టి, మళ్ళీ అరగంట లోడ్ మీద నడిపి చూశాం. స్లోలో 0.8, ఫుల్ రేస్‌లో 1.9. స్లోలో రెట్టింపు అయింది కానీ ఫుల్ రేస్‌లో ఇంకా 2.1 కి రాలేదు. ఇక్కడ ఇంట్లో పెద్ద చర్చ జరిగింది. నాన్న "దాదాపు వచ్చేసింది కదా, ఈ సీజన్ కానిచ్చి జనవరిలో చూద్దాం" అన్నారు. నాకూ మనసు అటే లాగింది. బాబాయ్ మాత్రం పాత ఫిల్టర్‌ని హ్యాక్సా బ్లేడుతో నిలువునా కోయించి, లోపలి కాగితం మడతలు ఎండలో విప్పి చూపించారు. మడతల మధ్య వెండి రంగు పొడి, మధ్యమధ్య రాగి రంగు మెరుపు. అయస్కాంతం పెడితే అంటుకోలేదు. అంటుకుంటే ఇనుము, అంటే క్రాంకో గేర్లో. అంటుకోలేదంటే క్రాంకుని పట్టుకుని ఉండే బేరింగుల పై పూత. పలచబడిన ఆయిల్‌తో ఎన్నాళ్ళు తిరిగిందో, ఆ మేరకి బేరింగులు అరిగాయి. ఆయన మాటల్లోనే చెప్పాలంటే, "పంపు ఆయిల్‌ని తోస్తదిరా, ప్రెషర్ దానంతటది పుట్టదు. డ్రిప్పు పైపుకి మధ్యలో నాలుగు చోట్ల బొక్కలు పడితే మోటారు ఎంత కొట్టినా చివర చుక్క పడదు, ఇదీ అంతే. బేరింగు సందు పెరిగితే ఆయిల్ అక్కడే కారిపోద్ది." ఇప్పుడు విప్పితే బేరింగులతో పోతుంది, దమ్ములో నడిపితే క్రాంకు గీతలు పడుతుంది, అప్పుడు ఆ డెబ్బై వేల మాట నిజమవుతుంది అని లెక్క తేల్చి చెప్పారు. నిర్ణయం మాదే అన్నారు. రెండు రోజులు ఆలోచించి సరేనన్నాం.

జూన్ 26న మా పశువుల కొట్టం పక్కన రేకుల కిందే పని మొదలుపెట్టారు. ఇంజిను దింపలేదు, కింద చాంబర్ మాత్రం విప్పారు. ఇది కార్లలో ఉండే రేకు చాంబర్ కాదు, పోత ఇనుప దిమ్మ, మనిషి ఒక్కడు ఎత్తలేడు, పైగా ముందు ఇరుసు బరువంతా ఆ వైపు ఆధారపడి ఉంటుంది. జాకీలు, దుంగలు పెట్టి ముందు భాగాన్ని నిలబెట్టడానికే సగం రోజు పట్టింది. కింద పని చేసేటప్పుడు జాకీ ఒక్కదాన్ని నమ్మకూడదని బాబాయ్ ప్రతి చోటా దుంగ కూడా పెట్టించారు, ఆ జాగ్రత్త చూస్తే నాకు ధైర్యం వచ్చింది.

చాంబర్ దిగగానే మొదట కనపడింది బేరింగులు కాదు, ఆయిల్ పంపు జాలీ. దానికి ఎర్రటి సిలికాన్ గమ్ తాళ్ళు తాళ్ళుగా చుట్టుకుని దాదాపు మూడో వంతు మూసేసింది. ఎప్పుడో ఎవరో గ్యాస్కెట్ వేసేటప్పుడు గమ్ దట్టంగా పూసి బిగించి ఉంటారు, ఎక్కువైంది లోపలికి పిండుకుని ఊడి ఇక్కడ చేరింది. ఫుల్ రేస్‌లో ప్రెషర్ పెరగాల్సినంత పెరగకపోవడానికి ఇదీ ఒక కారణమే అన్నారు. ఆయిల్ పంపు విప్పి ఫీలర్ గేజితో సందులు చూస్తే లిమిట్ లోపలే ఉన్నాయి. రిలీఫ్ వాల్వు శుభ్రంగా ఆడుతోంది. రెండూ కడిగి అలాగే పెట్టేశారు.

కనెక్టింగ్ రాడ్ (పిస్టన్‌ని క్రాంకుకి కలిపే కడ్డీ) బేరింగులు మూడు జతలూ పై పూత పోయి రాగి రంగు తేలాయి, క్రాంకు బ్లాకులో కూర్చునే చోట ఉండే కింద మెయిన్ బేరింగులు అంతకంటే కాస్త నయం. ఒక్కో బేరింగు వెనక తిప్పి చూస్తే 010 అని ముద్ర ఉంది. అంటే ఈ క్రాంకు ఇదివరకే ఒకసారి పది సైజుకి, అంటే అంగుళంలో వెయ్యో వంతులు పది మేర సన్నబడేలా, గ్రైండింగ్ అయింది, మాకు అమ్మినాయన ఆ సంగతి చెప్పలేదు. నేను ముందు రోజే బేరింగులు తెచ్చి పెట్టుకుందామంటే బాబాయ్ "వెనక నంబరు చూడకుండా కొనద్దు" అని ఆపారు, లేకపోతే స్టాండర్డ్ సైజు తెచ్చి కూర్చునేవాళ్ళం. తర్వాత మైక్రోమీటర్‌తో క్రాంకు పిన్నులు అడ్డంగా నిలువుగా కొలిచారు. ఎక్కడా 0.02 మిల్లీమీటర్లకి మించి తేడా రాలేదు, గోరు పెట్టి గీరితే తట్టే గీత లేదు. గ్రైండింగ్ అక్కర్లేదు, అదే సైజు కొత్త బేరింగులు చాలు. ఆ కొలతలు చదువుతున్నంతసేపూ నేను ఊపిరి బిగబట్టే ఉన్నా, నంబర్లు రాసుకునే పని నాకిచ్చారు, చేయి వణికి సగం అంకెలు నాకే అర్థం కాలేదు.

బేరింగుల కోసం విజయవాడ ఆటోనగర్ వెళ్ళాను. పాత ట్రాక్టరు సామాన్లు దొరకాలంటే మా వైపు వాళ్ళకి అదే పెద్ద దిక్కు. రాడ్ బేరింగులు పది సైజువి మొదటి షాపులోనే దొరికాయి. మెయిన్ బేరింగులు మాత్రం ఉంటే స్టాండర్డ్, లేకపోతే ఇరవై సైజు. ఒక షాపులో పది సైజు అని పెట్టె ఇచ్చారు, అక్కడే విప్పి చూస్తే లోపల ముద్ర స్టాండర్డ్‌ది. వాళ్ళూ చూసుకోలేదు పాపం. పెట్టె మీద రాత కాదు, బేరింగు వెనక ముద్ర చూసి కొనండి. ఇంకో షాపాయన చెన్నై నుంచి తెప్పిస్తానని అడ్వాన్స్ తీసుకున్నాడు, జూలై 2న వచ్చాయి. రెండు సెట్లూ, థ్రస్ట్ వాషర్లతో కలిపి 3,400. గ్యాస్కెట్లు, చిల్లర సామాను ఆరొందలు.

ఆ ఎదురుచూపు రోజులు బాగా కష్టంగా గడిచాయి. చాంబర్ లేని ఇంజిను కింద ప్లాస్టిక్ కవర్ కట్టి ఉంది, వాన పడుతోంది, ఊళ్ళో దమ్ములు మొదలెట్టే వాళ్ళు ఫోన్లు చేస్తున్నారు. ఇద్దరు వేరే బండికి మాట్లాడుకున్నారు, వాళ్ళని తప్పు పట్టలేం.

జూలై 4న బిగించారు. మెయిన్ బేరింగుల కోసం క్రాంకు దింపలేదు, క్యాపులు ఒక్కొక్కటే విప్పి, పై సగం బేరింగుని క్రాంకు తిప్పుతూ జార్చి బయటికి తీసి, కొత్తది అలాగే జార్చి ఎక్కించారు. అన్నిటికీ టార్క్ రెంచి వాడారు. చాంబర్‌కి గమ్ పూయలేదు, గ్యాస్కెట్‌కి గ్రీజు పలచగా రాశారంతే. స్టార్ట్ చేసే ముందు ఫిల్టర్‌లో ఆయిల్ నింపి, స్టాప్ నాబ్ లాగి పట్టుకుని సెల్ఫ్ మాత్రం కొట్టించారు. గేజి ముల్లు కదిలి ప్రెషర్ వచ్చిందని తెలిశాకే నాబ్ వదిలారు. కొత్త బేరింగులు పొడిగా తిరక్కూడదని. మళ్ళీ కొత్త ఆయిల్, కొత్త ఫిల్టర్, ఇంకో 3,050. పది రోజుల కిందట పోసిన ఆయిల్ బాగానే ఉంది కదా అంటే, అందులో బేరింగు పొడి ఉందన్నారు. ఆ డబ్బు మాత్రం కాస్త నొప్పి పుట్టింది.

సాయంత్రానికి లోడ్ మీద వేడెక్కించి చూస్తే స్లోలో 1.5, ఫుల్ రేస్‌లో 3.4. నాన్న గేజి దగ్గర కూర్చుని ఆ ముల్లునే చూస్తూ ఉండిపోయారు, ఆపమన్నా ఆపనివ్వలేదు.

బాబాయ్, ఆయన మనిషి ఇద్దరికీ కలిపి ఐదు వేలు ఇచ్చాం, అంతకంటే తీసుకోలేదు. గేజి, అడాప్టర్, ఫీడ్ పంపు, రెండుసార్లు ఆయిల్, బేరింగులు, గ్యాస్కెట్లు, కూలీ అన్నీ కలిపితే 17,250. నారుమడికి ఇచ్చిన కిరాయి, విజయవాడ ఛార్జీలు, పోయిన దమ్ము పనులు ఇందులో లేవు. ఆ మొదటి షెడ్డాయన మోసగాడని నేను అనను. చాలా షెడ్డుల్లో పాత ఇంజిను ప్రెషర్ పడిందంటే మొత్తం దింపడమే అలవాటు, చేసిన పనికి గ్యారంటీ కూడా ఇస్తారు. కానీ ఆయన పద్ధతిలో బోరు, క్రాంకు అన్నీ కొత్తగా చేసి ఆ చిరిగిన ఫీడ్ పంపునే మళ్ళీ బిగించి ఉంటే, కొత్త బేరింగుల్లోకి కూడా డీజిల్ కారుతూనే ఉండేది. అది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

ఒక విషయం ఎవరూ ముందు చెప్పలేదు. ప్రెషర్ సరిగ్గా రావడం మొదలయ్యాక, అంతకుముందు ఎన్నడూ కారని చోట ఆయిల్ కారడం మొదలైంది. ఫిల్టర్ కూర్చునే చోట పాత సీలు అరకేజీకి ఆగింది కానీ మూడు కేజీలకి ఆగలేదు. దమ్ము చేస్తుండగా రెండో రోజే ఇంజిను పక్కంతా తడిసింది, మళ్ళీ ఏమైందోనని వణికిపోయా. నలభై రూపాయల రబ్బరు రింగు మారిస్తే సరిపోయింది. గేజిని ఇక తీయలేదు, టీ జాయింటు వేసి సెన్సార్‌ని కూడా ఉంచి, స్టీరింగు పక్కన పట్టీతో బిగించేశాను. రోజూ పొద్దున స్టార్ట్ చేసే ముందు డిప్‌స్టిక్ చూస్తున్నా, తగ్గిందా అని కాదు, పెరిగిందా అని. రాత్రిళ్ళు ట్యాంకు ట్యాప్ కట్టేస్తున్నాం. యాభై గంటలకి ఫిల్టర్ మార్చి, పాతది కోసి చూడాలని బాబాయ్ చెప్పారు. గంటల మీటరు లేదు కాబట్టి నాన్న క్యాలెండరు మీద రాస్తున్నారు, ఇప్పటికి ముప్పై ఆరు అయ్యాయి.